ఎల్లాజీ గొంతు

2094 నాటికి దిబ్బలపాలెంలో వేటకు వెళ్ళే ప్రతివాడి చెవికీ ఒక చెవిబిళ్ళ ఉండేది. తుఫాను కబుర్లు అందులో వచ్చేవి. పంపేది భూగోళ వాతావరణ సభ. తొంభై దేశాలు కలిసి నైరోబీలో పెట్టుకున్నది. దాని మాట వింటే ఒట్టు. "మన సంద్రం సంగతి ఆళ్ళకేటి తెల్సు?" అనేవారు. కిందటేడు అలా అని వెళ్ళినవాళ్ళలో పదకొండుమంది తిరిగి రాలేదు.

ఆ ఊళ్ళో సభ తరఫున పనిచేసే శాస్త్రవేత్త హైమవతి అది చూడలేక 'గొంతుమార్పి' యంత్రం తయారుచేసింది. వినేవాడి నాడి ఏ గొంతుకు నిమ్మళిస్తుందో కనిపెట్టి, హెచ్చరికను చెవిబిళ్ళలో ఆ గొంతుతోనే చెబుతుంది. ఊరందరికీ అది ఒక్కటే గొంతు. నీటి రంగు చూసి గాలివాన చెప్పే ముసలి సరంగు ఎల్లాజీది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పడవలన్నీ ముందే ఒడ్డుకు చేరాయి. చెప్పింది ఎల్లాజీయే అనుకుని జనం అతనికి దండాలు పెట్టారు. ఆ ఊపులోనే, ఎల్లాజీ ఉండగా ఇక సభ మనకెందుకు, తప్పుకుందామని ఓటింగు పెట్టుకున్నారు.

ఎల్లాజీ హైమవతి దగ్గరకొచ్చాడు. "నానేటీ సెప్పనేదమ్మా. ఆ దినం జొరంతో మంచం దిగనేదు."

ఆమె యంత్రం సంగతంతా చెప్పేసింది. "అడగకుండా మీ గొంతు వాడుకున్నాను. తప్పే, తాతా. నిజం మీరు చెబితేనే జనం వింటారు."

ఓటు వేయడానికి ఐస్ ఫ్యాక్టరీ ముందు అందరూ చేరినప్పుడు ఎల్లాజీ ఉన్నదున్నట్టు చెప్పాడు. వలలు అల్లే నూకరాజు నిట్టూర్చాడు. "తాతని కూడా కొనీసినారు."

ఊరు సభ నుంచి తప్పుకుంది. నెలాఖరుతో హెచ్చరికలు బంద్.

ఈలోగా ఇంకో తుఫాను. "ఇప్పుడు ఎవరి గొంతు?" అని హైమవతి యంత్రాన్ని అడిగింది.

"ఎల్లాజీ గొంతుకు నాడి నిమ్మళించడం లేదు. ఇప్పుడు ఎవరి గొంతు వారికే నమ్మకం," అంది యంత్రం.

ఈసారీ పడవలన్నీ క్షేమంగా వచ్చాయి. "నాకు పొద్దున్నే అనిపించింది," అని ప్రతివాడూ మీసం దువ్వాడు.

హైమవతి చెప్పిన సంగతి విని ఎల్లాజీ అడిగాడు. "నెలాకరు తరవాత ఆ గొంతు ఆళ్ళకేటి సెప్తాది?"

"ఇక వాళ్ళ మనసే మాట్లాడుతుంది. వాళ్ళేం వినాలనుకుంటే అదే, తాతా," అంది హైమవతి. ఆమెకు భయమేసింది.

ఒకటో తేదీ తెల్లవారింది. పడవలు ధీమాగా కదిలాయి. ఎల్లాజీ ఒడ్డున నిలబడి నీటి రంగు చూశాడు. వెళ్ళొద్దని రెండు చేతులూ ఊపాడు. ఎవరూ వెనక్కి చూడలేదు.