ఐదు ఖాళీలు

"మీ గొడుగు నా భవిష్యత్తు మీద కారుతోందండీ."

అతను కిందికి చూశాడు. నిజమే. చంకలో పెట్టుకున్న గొడుగు కొనలోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా జారి, కౌంటర్ మీద ఆమె నింపుతున్న ఫారం మీద పడుతున్నాయి. 'ఎంచుకున్న స్పెషలైజేషన్' అన్న గడిలో ఇంకు అలుక్కుపోయి నీలం మడుగైంది.

"సారీ," అన్నాడు. అనడమైతే అన్నాడుగానీ, మొహంలో ఆ సారీ జాడ ఎక్కడా లేదు. అది అతని లోపం. సంతోషమొచ్చినా, పంటి నొప్పొచ్చినా ఆ మొహం సున్నం వేసిన గోడలా ఒకే తీరుగా ఉండేది.

"సారీ అంటే సరిపోయిందా? ఇవాళే ఆఖరి రోజు. ఇంకో ఫారం ఇస్తారో ఇవ్వరో!"

"నా దగ్గర ఇంకోటుంది. పాడైతే పనికొస్తుందని రెండు తెచ్చుకున్నాను."

"పాడవుతుందని ముందే తెలుసా?"

"పాడవదని గ్యారంటీ ఏముందండీ?"

ఆమె ఫారం తీసుకుని మళ్ళీ మొదటినుంచీ నింపింది. అది టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఆఫీసు. బయట వాన దంచికొడుతోంది. కౌంటర్ వెనకాల గుమాస్తా ఇద్దరి ఫారాలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇద్దరూ వినికిడి లేని పిల్లల సెక్షనేనా? సరిగ్గా రెండే సీట్లు మిగిలాయి. కొట్టుకోకుండా చెరొకటి తీసుకోండి."

ఆమె గిరుక్కున తిరిగింది. కోపం ఎగిరిపోయి కళ్ళలో గౌరవం కనిపించింది. "మీరు కూడానా! మీ ఇంట్లో ఎవరైనా వినపడనివాళ్ళున్నారా?"

"లేరండీ."

"మరి?"

అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి విప్పాడు. ఏ సబ్జెక్టులో ఎన్ని ఖాళీలో, ఎందరు పోటీయో ఆరేళ్ళ వివరాలు గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. "లెక్కలకి ఒక్కో పోస్టుకి నూట ఎనభై మంది. సైన్సుకి రెండొందల పది. దీనికి ముగ్గురే. ఒకసారి వచ్చిందంటే అరవై ఏళ్ళదాకా మనల్ని కదిలించేవాళ్ళుండరు."

"మరి పిల్లలు?"

"ఏ పిల్లలు?"

"మీరు పాఠం చెప్పబోయే పిల్లలండీ!"

అతను కాగితం మీద పైనుంచి కిందిదాకా వెతికాడు. "వాళ్ళ సంఖ్య ఇందులో లేదండీ."

క్లాసులు మొదలైన రోజు సాయంత్రానికల్లా అందరూ అతన్ని 'జాబితా' అని పిలవసాగారు. ఆ పేరు ఎవరు పెట్టారో వేరే చెప్పాలా?

జాబితా తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. అతని నాన్న పనిచేసిన ఫ్యాక్టరీలు రెండు మూతపడ్డాయి. ఒకటి అతను ఆరో క్లాసులో ఉండగా, రెండోది పదో క్లాసు పరీక్షలముందు. రెండుసార్లూ సామాను కట్టి, ఇల్లు మారి, బడి మారి, స్నేహితుల్ని వదిలిపెట్టి వెళ్ళారు. అప్పట్నుంచీ అమ్మకి ఒకటే బెంగ. ఇంట్లో కొత్త కుళాయి బిగించినా ఆ మేస్త్రీని "పర్మినెంటేనా బాబూ?" అని అడిగేది. ఆ ఇంట్లో పెరిగినవాడు జాబితా రాసుకోక పద్యాలు రాసుకుంటాడా?

ఇక ట్రైనింగులో అసలు చిక్కు వచ్చిపడింది. సైగల భాషలో చేతులొక్కటే చాలవు, మొహం కూడా మాట్లాడాలి. ప్రశ్న అడిగితే కనుబొమ్మలు లేవాలి, కాదంటే ముక్కు చిట్లాలి. ప్రాక్టీసుకి జంటలు వేసినప్పుడు గోడ మొహంవాడు ఎవరి వాటాకి వచ్చాడో ఊహించుకోండి.

"కనుబొమ్మలు ఎత్తండి. మీరు ప్రశ్న అడుగుతున్నారు."

"ఎత్తాను."

"ఎత్తారా? ఎప్పుడు? నేనెక్కడికైనా వెళ్ళినప్పుడా?"

"ఇప్పుడే. రెండూ ఎత్తాను."

ఆమె దగ్గరికొచ్చి ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి పరీక్షగా చూసింది. చూస్తూ చూస్తూ పక్కున నవ్వేసింది. అతని గుండె దబదబ కొట్టుకుంది. మొహం మాత్రం మామూలే కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

కాలేజీ వెనకాలే వినికిడి లేని పిల్లల బడి. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ అక్కడ మూడో క్లాసుకి పాఠం చెప్పాలి. వాన పడితే ఒక్క గొడుగులో వెళ్ళేవాళ్ళు. ఆ గొడుగు ఇప్పుడు అతని భుజం మీదే కారేది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తులేదు.

బడిలో ఒక పద్ధతి ఉంది. అక్కడ ఎవరి పేరూ అక్షరాల్లో ఉండదు, ఒక్క సైగలో ఉంటుంది. ఆ సైగ పిల్లలే పెట్టాలి. మనంతట మనం పెట్టుకోకూడదు, పెట్టమని అడగనూ కూడదు. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని మర్చిపోయే అలవాటు వల్ల, ఆమెకి రెండో వారంలోనే 'తలలో పెన్సిలు' అన్న పేరొచ్చేసింది. అతనికి మాత్రం మూడు నెలలైనా 'కొత్త' అన్న సైగే. ట్రైనింగుకొచ్చి వెళ్ళిపోయే ప్రతివాళ్ళనీ పిల్లలు అలాగే పిలుస్తారు.

"నాకెప్పుడు పెడతారు?" అనడిగాడు ఒకరోజు.

"ఉంటావని నమ్మకం కుదిరితే పెడతారు. అయినా నువ్వొచ్చింది పేరు కోసం కాదుగా, పోస్టు కోసంగా," అంది ఆమె. సరదాకే అంది. అతనికి ఎందుకో అన్నం సహించలేదు ఆ పూట.

నాలుగో నెలలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. వినికిడి లేని పిల్లల సెక్షన్ ఖాళీలు నూట నలభై నుంచి ఐదుకి పడిపోయాయి. ఐదు! లెక్కల ఖాళీలు మాత్రం మూడింతలయ్యాయి. సెక్షన్ మారదలచినవాళ్ళు శుక్రవారంలోగా ఫారం ఇవ్వాలని నోటీసు బోర్డు మీద అంటించారు.

అమ్మ ఫోన్ చేసింది. "మారిపో నాన్నా. మళ్ళీ సామాను కట్టే ఓపిక నాకు లేదు."

బుధవారం ఆఫీసు వరండాలో అతని చేతిలో లెక్కల సెక్షన్ ఫారం ఆమె కంటబడింది.

"తెచ్చుకున్నావన్నమాట. రెండు కాపీలు తెచ్చుకున్నావా, ఒకటేనా?"

"ఇంకా నింపలేదు. ఆలోచిస్తున్నాను."

"ఆలోచించడానికేముంది? జాబితా మారింది, నువ్వూ మారతావు." "నాకు నీమీద కోపం లేదు. నామీదే. నువ్వు ఉండిపోతావని నేనే అనుకున్నాను. నాకోసమైనా ఉంటావని కూడా అనుకున్నాను. బుద్ధిలేక!"

అతను ఏదో చెప్పబోయాడు. గోడ మొహంతో చెప్పే మాట ఎవరు నమ్ముతారు? ఆమె చరచరా వెళ్ళిపోయింది.

తిన్నగా బడిలోని వడ్రంగి గదికి వెళ్ళింది. అక్కడ పిల్లలకి పని నేర్పేది ఆమె అన్నయ్యే. అతనికీ వినపడదు, ఆ బడిలోనే చదువుకున్నాడు. చిత్రిక పడుతున్నవాడల్లా చెల్లెలి మొహం చూసి పని ఆపాడు. ఆమె చేతులు గాల్లో కోపంగా కదిలాయి. ఉద్యోగం కోసం వచ్చాడు, ఉద్యోగం కోసమే పోతున్నాడు, అతనికి వీళ్ళ మీద ప్రేమ ఏనాడూ లేదు!

అన్నయ్య తాపీగా చేతులు తుడుచుకుని సైగల్లో చెప్పసాగాడు. "నాకు పదేళ్ళలో పదకొండుమంది టీచర్లు. ఒకాయన మమ్మల్ని కౌగిలించుకునేవాడు. ఒకావిడ మమ్మల్ని చూసి ఏడ్చేది. అందరూ ప్రేమతో వచ్చినవాళ్ళే. ఆరు నెలలకో, ఏడాదికో అందరూ పోయారు. ప్రతిసారీ మేం మొదటినుంచీ మొదలుపెట్టాం. భాగహారం నేను నాలుగుసార్లు మొదలుపెట్టాను, ఒక్కసారీ పూర్తికాలేదు."

"అయితే?"

"అరవై ఏళ్ళదాకా కదలనని జేబులో రాసిపెట్టుకుని వచ్చినవాడు వీడొక్కడే. నువ్వు వాణ్ణి చూసి నవ్వావు. నేనైతే తలుపేసి గడియపెట్టేవాణ్ణి."

ఆమె జుట్టు ముడిలోంచి పెన్సిలు తీసి, వేళ్ళ మధ్య తిప్పుతూ బల్ల అంచున కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం అతను మామూలుగానే క్లాసుకొచ్చాడు. ఆమె వెనక బెంచీలో కూర్చుని, వాన చూస్తున్నట్టు కిటికీవైపు తిరిగింది. ముందు వరసలో ఎనిమిదేళ్ళ పాప ఒకతి లేచి నిలబడింది. బడిలో వార్తలు చేతుల మీద పరిగెడతాయి.

"కొత్తా, నువ్వు వెళ్ళిపోతున్నావా?" కనుబొమ్మలు రెండూ నుదుటి మీదికి ఎక్కించి మరీ అడిగింది.

అతను బోర్డు మీద పెద్దగా 5 అని రాశాడు.

"ఇవి ఖాళీలు. మొన్నటిదాకా నూట నలభై. రెండు రోజులనుంచీ నాకు నిద్ర లేదు. భయమేస్తోంది." తడబడుతూనే సైగలు చేశాడు. "కానీ నాకు ఐదు అక్కర్లేదు. ఒకటి చాలు. నేను రెండుసార్లు బడి మారినవాణ్ణి. మధ్యలో వదిలేసిన పాఠం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీ భాగహారం సగంలో ఉంది."

"ఎన్నేళ్ళుంటావు?"

"ఇప్పుడు నాకు ఇరవై నాలుగు. ఉద్యోగం వస్తే ముప్పై ఆరేళ్ళు."

పాప వేళ్ళమీద లెక్కపెట్టింది. వేళ్ళు చాలక పక్కవాడివి అరువు తెచ్చుకుంది. "అప్పటికి నాకు నలభై నాలుగు!" అని గాభరాపడిపోయింది. క్లాసంతా నవ్వింది. అప్పుడు పాప ఎడమ అరచేయి చాపి, కుడి పిడికిలిని దాని మీద పెట్టి గట్టిగా నొక్కింది. కదలనివాడు. ఒక్కొక్కరే చేతులు చాపారు. క్షణంలో ఇరవై రెండు పిడికిళ్ళు ఇరవై రెండు అరచేతుల మీద కూర్చున్నాయి.

జాబితా మొహం ఆరోజు మొదటిసారి మాట్లాడింది. పెదవి వణికింది, కళ్ళు నిండాయి, చెవులదాకా నవ్వు పాకింది. అన్నీ ఒకేసారి జరగడంవల్ల చూడ్డానికి అంత బాగా లేదు. వెనక బెంచీలో ఆమెకి మాత్రం అంతకన్నా అందమైన మొహం లోకంలో లేదనిపించింది.

క్లాసయ్యాక ఆమె వరండాలో ఆగింది. "నేను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

"అన్నీనా? నాకోసమైనా ఉంటావనుకున్నానన్నావు. అది కూడానా?"

"అదొక్కటీ ఉంచుకో."

"అయితే నేనూ ఒకటి చెప్పాలి. కనుబొమ్మల రోజునుంచీ నువ్వంటే నాకు ఇష్టం. మొహం సహకరించక చెప్పలేదు."

ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉండేది. కానీ పరీక్ష ఒకటుంది. ఆ ఐదు పోస్టులకి పక్కపక్కన కూర్చుని చదివారు, ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. తాము పోటీదారులమన్న సంగతే మర్చిపోయారు. ఫలితాలొచ్చాయి. ఆమె ఐదోది. అతను ఆరో వాడు. తేడా ఒక్క మార్కు.

ఆమె నోటీసు బోర్డు ముందు కొయ్యబారిపోయింది. "నేను వదులుకుంటాను. నీకొచ్చేస్తుంది."

"పిచ్చిదానా! పిల్లలు నీ పేరు వెళ్ళిపోయినవాళ్ళ లెక్కలో వేస్తారు. పోస్టు వదిలావంటే నేను మాట్లాడను." అతను నిబ్బరంగానే అన్నాడు. లోపల మాత్రం రెండు ఫ్యాక్టరీలూ మళ్ళీ మూతపడ్డాయి. "బడిలో టెంపరరీగా తీసుకుంటామన్నారు. వచ్చే ఏడు మళ్ళీ రాస్తాను. భాగహారం ఇంకా అవలేదు."

అంతలో జేబులో ఫోను మోగింది. అమ్మ. అడగబోయేది ఏమిటో అతనికి తెలుసు.

"ఏం నాన్నా, వచ్చిందా?"

"రాలేదమ్మా. ఆరో నంబరు."

అమ్మ చిన్నగొంతుతో, "ఐదో నంబరెవరు?"

"నీకు చెబుతుంటానే, ఆ అమ్మాయే. అమ్మా, నేను ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను."

పక్కనున్న ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్లది పర్మినెంటేనా?"

"పర్మినెంటే."

అమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పోనీలే. ఇంట్లో ఒకళ్ళకైనా వచ్చిందిగా. ఆదివారం తీసుకురా. వాన పడుతోంది, గొడుగు మర్చిపోకు."

అతను ఫోను పెట్టేశాడు. ఆమెకి ఆగడం లేదు. "ఏమన్నారు? చెప్పవేం? నీ మొహం చూస్తే ఒక్క ముక్కా అర్థం కాదు!"

అతను ముందు రెండు కనుబొమ్మలూ ఎత్తాడు. ఈసారి నిజంగానే లేచాయి. తర్వాత ఎడమ అరచేయి చాపి, ఆమె కుడిచేతిని పిడికిలి చేసి దాని మీద పెట్టుకుని, గట్టిగా నొక్కాడు.