సీరీస్ బల్బు నిండుగా వెలిగింది

ఏసోబు మాస్టారు సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉండగానే చనిపోయారు. వెనకనుంచి ఒక్కటే బుల్లెట్, సైలెన్సర్‌తో. గుంటూరు మిర్చి యార్డు వెనక సందులో ఆ చిన్న చప్పుడు విని, ఘాటుకు ఎవరో దగ్గారనుకున్నారు ఇరుగుపొరుగు.

మర్నాడు సమాధి దగ్గర ప్రార్థన ముగిసేసరికి ఏజెంట్ సాల్మన్‌కు చీఫ్ ఫోన్ చేశాడు.

“ఏడుపు తర్వాత. ఆయన బాగుచేస్తున్న వాల్వ్ రేడియో పలుకుతుందా?”

“దాదాపు పూర్తిచేశారు సార్.”

“స్మగ్లింగ్ ముఠా షార్ట్‌వేవ్‌లో స్క్రాంబుల్ చేసి మాట్లాడుతోంది. అది విప్పే సర్క్యూట్ ఆ ఒక్క సెట్‌లోనే ఉంది. సాయంత్రం ఆరింటికి ఆఖరి ప్రసారం. పేలుడు సరుకు ఏ రేవులో దించుతారో వినాలి. వినలేదంటే రేపు శవాలు మోయాలి.”

సాల్మన్‌కు వైర్‌లెస్ నేర్పింది మాస్టారే. తండ్రి లేని లోటు తీర్చిందీ ఆయనే. గుండె రాయి చేసుకుని మాస్టారింట్లో ఆ సెట్ ముందు కూర్చున్నాడు.

పక్కన బిందుమాధవి. ముఠాలో మన మనిషిగా తిరుగుతున్న డబుల్ ఏజెంట్. తెల్లచీరలో కూడా చూపు తిప్పుకోనివ్వదు. ఒంగోలులో ఇద్దరికీ పత్తి వ్యాపారి దంపతులుగా కవర్, పైకి వేసుకున్న వేషం. అది కవర్ అన్న సంగతి సాల్మన్ ఎప్పుడో మరిచిపోయాడు. ఈ మిషన్ అయ్యాక పెళ్లిమాట నిజంగానే అడుగుదామనుకున్నాడు, పిచ్చివాడు.

“ప్లగ్ పెట్టేయండి, ఆరవుతోంది,” అందామె.

“పాత సెట్‌ను నేరుగా కరెంటుకిస్తే మాస్టారు వీపు చీరేసేవారు.”

సీరీస్ బల్బు బోర్డు అందుకున్నాడు. కరెంటు ముందు బల్బులోంచి వెళ్లి, తర్వాతే రేడియోకు చేరుతుంది. బల్బు మసగ్గా ఉంటే సెట్ క్షేమం. నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు. బల్బు అడ్డం లేకపోతే సెట్ మాడిపోతుంది.

స్విచ్ వేశాడు. బల్బు నిండుగా వెలిగింది.

సెట్ తిరగేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింద వెంట్రుకంత తీగ, దాని మీద తళతళలాడే కొత్త సోల్డర్ అతుకు. అంత ముతక పని మాస్టారిది కాదు. సాల్మన్ చూపు బిందుమాధవి వేలి మీద పడింది. ఎర్రటి బొబ్బ.

“అదేంటి?”

“మీకు అట్టు పోద్దామని పెనం పెట్టానండీ. నూనె చిట్లింది.”

గోడకు జారబడిన మాస్టారి భార్య వీరమ్మ తలెత్తింది. “చావింట్లో పొయ్యి ఎవరు వెలిగించారమ్మా? నిన్నట్నించీ పక్కింటి రసూల్‌బీ తెచ్చిన అన్నమేగా అందరం తింటున్నాం.”

బిందుమాధవి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. సాల్మన్ పిస్టల్ అంతకుముందే లేచింది.

“మాస్టారిని నేను కాల్చలేదు,” అందామె మెల్లగా. “తలుపు మాత్రం తీశాను.”

“ఎందుకు బిందూ?”

వాకిట్లో కాపలా ఉన్న కానిస్టేబుల్ బుడాన్ వచ్చి బేడీలు వేశాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే సాల్మన్ తట్టుకునేవాడు కాదు.

తీగ తెంచాడు. వాల్వులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. ప్రసారం అప్పటికే సగం అయిపోయింది. గరగరల మధ్య ఆఖరి మాట ఒక్కటే అందింది: “వాడరేవు.”

ఆ రేవులో పడవ ఇసుకను తాకకముందే కోస్ట్‌గార్డ్ చుట్టుముట్టింది.

“శభాష్!” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “మాస్టారు కాక, మనవైపు ఇంకేమైనా నష్టమా?”

“ఏం లేదు సార్. నా కవర్ ఒక్కటే పోయింది.”

“కవర్‌దేముందోయ్! రేపే ఇంకో పెళ్లి చేసేస్తాం.”