కోపం తెప్పించే మందు

తెల్లారగానే ఆమె మొదటి పని భర్తను పక్కకు తిప్పడం. ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి ఒక్క ఊపున తిప్పి, వీపు ఎక్కడైనా ఎర్రబారిందేమోనని చూసేది. తర్వాత మూత్రం సంచి మార్చడం, ఒళ్లు తుడవడం, చొక్కా తొడగడం. ఆ చేతులకు ఇప్పుడు బుర్ర సాయం అక్కర్లేదు. అందుకే ఆ వేళంతా బావగారిని తిట్టుకోవడానికి మిగిలేది.

ఆ రోజు చొక్కా గుండీలు పెడుతుండగా కాలింగ్ బెల్ మోగింది.

"ఎవరు?" అన్నాడు భర్త, కళ్లు తెరవకుండానే.

"చూసొస్తా ఉండండి."

తలుపు జానెడు తీసింది. బయట బావగారు, చేతిలో పళ్ల సంచి. భుజాలు ముందుకు వంగిపోయి, మనిషి సగమయ్యాడు.

"వాడు లేచాడా అమ్మా? ఒక్కసారి చూసి వెళ్లిపోతాను."

"పడుకున్నారు."

"లేచేదాకా కూర్చుంటాను..."

"మీ మొహం చూడనన్నారు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?"

తలుపు వేసి గడియ పెట్టింది. మెట్ల మీద ఆ అడుగులు బరువుగా దిగిపోతుంటే, ఎండనపడి వచ్చి చల్లటి నీళ్లు తాగినంత హాయిగా అనిపించింది.

"ఎవరూ?"

"మంచినీళ్ల క్యాన్లు వేస్తాట్ట. వద్దన్నాను."

"అన్నయ్యేమో అనుకున్నా."

"ఆయనెందుకొస్తాడు? ఇన్నాళ్లలో ఒక్కసారైనా తొంగి చూశాడా?"

అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పాపం అనిపించింది గానీ, ఆ జాలిని అక్కడే నొక్కేసింది. జాలిపడితే పగ పలచబడుతుందని ఆమె భయం.

అన్నదమ్ములిద్దరిదీ షాపుల ముందు పెద్ద పెద్ద బోర్డులు చేసి బిగించే పని. అన్న షెడ్డు చూసుకునేవాడు, తమ్ముడు పైకెక్కేవాడు. ఎంత ఎత్తునైనా ఇట్టే ఎక్కి కూర్చుంటాడని షెడ్డులో అందరూ అతన్ని 'పిట్ట' అనేవారు. ఆ రోజు నడుముకి కట్టుకునే బెల్టు వేరే చోటికి వెళ్లిన వ్యానులో ఉండిపోయింది. "పది నిమిషాల పనిరా పిట్టా. దానికోసం మళ్లీ షెడ్డుకి పంపితే పొద్దుపోతుంది, ఎక్కు" అన్నాడు అన్న. పిట్ట ఎక్కాడు. కాలు జారింది. వెన్నుపాము దెబ్బతిని నడుం కింద ఒళ్లు మొద్దుబారిపోయింది.

అంతవరకైతే ఆమె ఏడ్చి ఊరుకునేదేమో. ఆసుపత్రి వరండాలో, స్తంభం అవతల, బావగారు అత్తగారితో అన్న మాట చెవినపడింది. "కట్టుకోరా అని నెత్తీనోరూ కొట్టుకున్నానమ్మా. వాడే వినలేదు." ఆ మాట బంధువులందరికీ పాకింది. పడినవాడిదే పాపమైంది. అత్తగారు మంచం పక్కన కూర్చుని, "ఆ దూకుడే నీ కొంప ముంచిందిరా" అని ఏడుస్తుంటే, ఆమె పళ్లు నూరుకుంది.

ఇంటికొచ్చాక భర్తను రోజూ పోరేది. "మీ అమ్మను పిలిపించండి. ఆయన్ని నిలదీయండి."

"పోనీలే."

ఆ 'పోనీలే' వింటే బావగారి అబద్ధం కంటే ఎక్కువ ఒళ్లు మండేది. ఒకప్పుడు కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు ఎగరగొట్టిన మనిషి! ఇప్పుడు ఉప్పు లేకపోయినా తినేస్తాడు, అసలు తినకపోయినా ఊరుకుంటాడు. చక్రాల కుర్చీలో కూర్చోడు. చేతుల్లో బలం ఉండి కూడా వ్యాయామం చెయ్యడు. పగలంతా మగత. హాస్టల్లో చదివే కూతురు ఫోన్ చేస్తే "ఊఁ" తప్ప మాట రాదు. గడ్డం కూడా పెరగడం తగ్గింది. ఇక ఆలుమగల మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పుండ్లు పడుతున్నాయేమో చూపించడానికి తీసుకెళ్లినప్పుడు, నడవలేనివాళ్లకు వైద్యం చేసే డాక్టరమ్మ అతన్ని చాలాసేపు ప్రశ్నలడిగింది. వేరువేరు రోజుల్లో పొద్దున్నే రక్తం తీయించింది. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"మీ ఒంట్లో టెస్టోస్టెరాన్ బాగా తక్కువగా ఉంది. మగవాళ్లకి కండబలం, ఉత్సాహం, కోరిక నిలబెట్టే హార్మోన్ అది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి తగ్గుతుంది. ఎవరూ అడగరు, వీళ్లూ చెప్పరు."

"అంటే ఇది బద్ధకం కాదా?" అన్నాడతను. చాలాకాలం తర్వాత అతను తనంతట తాను అడిగిన ప్రశ్న అది.

"ఎవరన్నారు బద్ధకమని?"

అతను భార్యవైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ఆ హార్మోన్ ఉన్న జెల్ భుజాలకు రాసుకోవడానికి రాసిస్తానంది డాక్టరమ్మ. దానివల్ల కాళ్లు రావని ముందే చెప్పింది. అందరికీ ఒకేలా పనిచెయ్యదని, రక్తం చిక్కబడుతుందేమో అప్పుడప్పుడు పరీక్షలు చేయించాలని, వ్యాయామం మానితే మందు ఒక్కటే ఏమీ చెయ్యలేదని చెప్పింది. "పిల్లలు కావాలనుకుంటే మాత్రం ఇది వద్దు, వేరే దారి చూడాలి" అంది. ఉన్న ఒక్క కూతురు చాలన్నారిద్దరూ.

వార్డుబాయ్ అతన్ని ఆసుపత్రి కుర్చీలో బయటికి తోసుకెళ్తుండగా, ఆమె ఒక్కతే వెనక్కి వచ్చింది.

"దీనివల్ల ఈయనకి కోపం వస్తుందా డాక్టరుగారూ?"

"అలా భయపడకండి, సరైన మోతాదులో..."

"భయం కాదండీ. రావాలి."

డాక్టరమ్మ ఆమెను తేరిపార చూసింది. "ఓపిక వస్తుంది. ఆ ఓపికతో ఏం చేసుకుంటారన్నది ఆయనిష్టం."

ఆ ఇష్టం తన చేతిలో ఉందనే ఆమె అనుకుంది.

జెల్ అతనే రాసుకోవాలి. ఆడవాళ్ల చర్మానికి తగలకూడదు, రాశాక భుజాలు ఆరేదాకా ముట్టుకోకూడదు. అతని ఒంటికి సంబంధించి ఆమె చెయ్యకూడని పని ఇంతకాలానికి ఒకటి దొరికింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. అతను మెల్లగా, విసుగ్గా రాసుకునేవాడు. కొన్ని వారాలు ఏమీ తెలియలేదు. తర్వాత మగత తగ్గింది. "ఆ డంబెల్స్ ఎక్కడ పారేశావ్?" అన్నాడొక పొద్దున. నెలలు గడిచేకొద్దీ చేతులు గట్టిపడ్డాయి. మంచం మీంచి కుర్చీలోకి తనే జరిగాడు. ఒక సాయంత్రం దుప్పటి సర్దుతుంటే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఏం కావాలోనని ఆమె వంగింది. "పనేం లేదు. ఊరికే పట్టుకున్నా" అన్నాడు సిగ్గుపడుతూ. ఆమె దుప్పటి వదిలేసి మంచం అంచున కూర్చుంది.

అయినా మనసులో నిప్పు ఆరలేదు. ఆ చేతులు చూసి మురిసిపోతూనే, ఈ చేతులు బావగారి కాలర్ ఎప్పుడు పట్టుకుంటాయా అని ఎదురుచూసింది. రోజూ ఆ పాత మాట తవ్వి పోసేది. అతను ఇప్పుడు 'పోనీలే' అనడం లేదు. దవడ బిగించి వింటున్నాడు. ఇంకెన్నాళ్లులే అనుకుంది.

ఆమె పని కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం. ఒక మధ్యాహ్నం మెషిన్ మొరాయించడంతో ముందే ఇంటికొచ్చింది. మెట్లెక్కుతుంటేనే భర్త గొంతు వినపడింది. అరుస్తున్నాడు! కిటికీ రెక్కలు అదిరేలా! ఆ అరుపు విని ఎన్నేళ్లయింది! గబగబా ఎక్కింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. హాల్లో కుర్చీలో అతను, ఎదురుగా నేలమీద చతికిలబడి బావగారు. అనుకున్నది ఇన్నాళ్లకు కంటపడింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"వచ్చావా? నీకోసమే చూస్తున్నా" అన్నాడు భర్త ఆమెవైపు తిరిగి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బెల్ మోగితే నేనే వెళ్లి తీశాను. ఇతను ఎన్నిసార్లు వచ్చాడు ఈ ఇంటికి?"

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నిన్నే అడుగుతున్నది!"

"లెక్కపెట్టలేదు."

"మొహం చూడనన్నానా నేను? ఎప్పుడన్నాను?"

"మీరు అనాల్సిన మాట నేనన్నాను. మీరనరు కాబట్టి!" ఆమె గొంతు లేచింది. "ఎవరివల్ల ఇలా అయ్యారో ఆ మనిషి పళ్లు పట్టుకుని వస్తే హారతివ్వమంటారా? ఏం చెప్పుకు తిరిగాడో అడిగారా?"

"అడిగాను. దానికంటే ముందు నిన్నొకటి అడగాలిగా. రోజూ గోడవైపు తిరిగి ఏమనుకునేవాణ్నో తెలుసా నీకు? తోడబుట్టినవాడే నన్ను చచ్చినవాడి కింద జమకట్టాడనుకునేవాణ్ని. అన్నయ్య రాలేదా అని నిన్ను అడిగేవాణ్ని కదే. నా కళ్లలోకి చూసి రాలేదన్నావు."

"మీరు బాధపడితే... ఆ బాధ కోపమవుతుందనుకున్నాను."

"అయింది. చూస్కో."

బావగారు లేవబోయాడు. "ఒరేయ్ పిట్టా, ఆవిణ్నేమీ అనకురా, తప్పంతా..."

"నువ్వు కూర్చో! మీ ఇద్దరికీ తేడా ఏముంది? చెయ్యని తప్పు నా మీద వేశావు నువ్వు. నా ఇంటి తలుపు నా మీదే వేసింది ఇది. నా మాట నన్ను అననిచ్చారా ఎవరైనా?"

 అతను రొప్పుతూ జేబులోంచి ఫోన్ తీసి అన్న ఒళ్లోకి విసిరాడు.

"అమ్మకి చెయ్యి. స్పీకర్ పెట్టు."

బావగారు నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. అవతల అత్తగారి గొంతు పలికింది. "చెప్పరా."

"అమ్మా... బెల్టు వాడు వద్దనలేదు. నేనే వద్దన్నాను. లేకుండానే ఎక్కమన్నాను. నీకు అబద్ధం చెప్పాను."  పెద్దమనిషి నేలకి మొహం ఆన్చి భోరున ఏడ్చాడు.

 "చిన్నాడున్నాడా అక్కడ?" అంది అత్తగారు. "నాన్నా... నిన్ను అన్ని మాటలన్నానురా. వస్తున్నా. ఇప్పుడే వస్తున్నా."

ఈ ఘడియ కోసమే ఆమె ఇన్నాళ్లూ బతికింది. గుండెల్లో పండగ చేసుకోవాలి. కానీ బావగారి వీపు ఎగిరెగిరి పడుతుంటే, ఇన్నాళ్లూ గోడవైపు తిరిగి పడుకున్న ఇంకో వీపు గుర్తొచ్చింది. ఆ వీపు మీద ఎర్రమచ్చ పడకుండా రోజూ చూసుకుంది తను. దానికి అటువైపు, ఆ గుండెలో ఏమవుతోందో తెలిసి కూడా చూడలేదు.

"క్షమించానని అనుకోకు" అన్నాడు భర్త అన్నతో. "రేపటినుంచి షెడ్డుకొస్తాను. నిచ్చెన మీద కాలు పెట్టే ప్రతివాడికీ బెల్టు నేనే బిగిస్తాను. నా చెయ్యి పడకుండా ఎవడైనా ఎక్కాడా, నీ షెడ్డుకి తాళమే. రోజూ పొద్దున్నే నా మొహం చూస్తూ పని చేసుకో. అదే నీకు శిక్ష."

బావగారు మొహం తుడుచుకుని తలూపాడు. తల్లిని తీసుకురావడానికి మెట్లు దిగి వెళ్లాడు.

 ఆమె తెలియకుండానే బావగారు నేలమీద వదిలేసిన పళ్ల సంచి తీయబోయింది.

"వదిలెయ్."

"మీ అమ్మగారొస్తారు, ఇల్లంతా..."

"వదిలెయ్యమన్నానా? ఇలా రా. ఏ పనీ చెయ్యకుండా కూర్చో."

కుర్చీ పక్కన కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నాకేం శిక్ష?" అంది నేలచూపులు చూస్తూ.

"నా కోపం ఇప్పట్లో తగ్గదు. చాలా రోజులు అరుస్తాను. పడాలి."

"పడతాను."

"పడటమే కాదు. నువ్వూ అరవాలి. నాతో. నాకోసం వేరేవాళ్లమీద కాదు."

ఆమెకి దుఃఖం కట్టలు తెంచుకుంది. ఆసుపత్రి వరండాలో మింగేసిన ఏడుపు కూడా దాంతో కలిసి బయటికొచ్చింది. అతను ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఇంకా కోపంగానే ఉన్నాడు. కానీ చెయ్యి చాపి ఆమె తలను దగ్గరికి లాక్కున్నాడు. ఆ లాగడంలో బలం ఉంది.