ఏడు వేల ఎనిమిది వందల నలభై

ఆ అమ్మాయి గడప దగ్గరే ఆగిపోయింది. లోపలికి రమ్మని డిటెక్టివ్ రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి. కొత్త కళ్లద్దాలు. వాటి వెనక కళ్లు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. వెంట ఆమె బాబాయ్ వచ్చాడు. బక్కపలచటి మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మా నాన్న ఎవర్నీ చంపలేదు సార్," అంది.

అసిస్టెంటు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె ఒకప్పుడు టైపిస్టు. డిటెక్టివ్ దగ్గర చేరి పన్నెండేళ్లయింది. ఆయన నోటి నుంచి వచ్చినదంతా రాసుకుంటుంది, దగ్గు తప్ప.

అమ్మాయి చెప్పింది ఇది. తండ్రి సరిహద్దు గేటు దగ్గర ముద్రల గుమాస్తా. వంతెన దాటి పక్క దేశానికి వెళ్లే లారీల కాగితాల మీద ముప్పై ఏళ్లుగా ముద్ర వేస్తున్నాడు. ఇప్పుడు రెండు దేశాలూ కలిసి కొత్త కంప్యూటరు పద్ధతిని పరీక్షిస్తున్నాయి. లారీ కంటే ముందే దాని వివరాలు అవతలికి చేరతాయి. పచ్చదీపం వెలిగితే లారీ ఆగకుండా వెళ్లిపోతుంది. పరీక్ష నెగ్గితే ముద్ర ఉండదు, ముద్రల గుమాస్తా ఉండడు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి మందుల లారీకి ఎర్రదీపం వెలిగింది. సాయంత్రం అయిదు దాకా ఆరలేదు. ఎండకి పెట్టెలో మంచు కరిగి మందులు పాడయ్యాయి. వంతెన అవతలి ఆస్పత్రిలో కాన్పయ్యాక రక్తం ఆగని ఒకావిడ ఆ మందు అందక చనిపోయింది. లారీని ఆపమన్న నమోదు గుమాస్తా పేరు మీద ఉంది. ఉద్యోగం పోతుందనే కసితో పరీక్ష చెడగొట్టాడన్నారు. శుక్రవారం పోలీసులకి అప్పగిస్తారు.

"మీ నాన్న ఏమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు సార్. నాకు అదే భయం."

డిటెక్టివ్ బాబాయ్ వైపు చూశాడు. అమ్మాయే చెప్పింది, ఈయన అదే గేటు దగ్గర లారీలు తూచే కాటా మీద పని చేస్తాడని, అందరూ కాటా బాబాయ్ అంటారని, మనిషిని చూసి బరువు చెప్పేస్తాడని. వాతావరణం కాస్త తేలిక చేద్దామని అసిస్టెంటు, అయితే నాదెంతో చెప్పండి చూద్దాం అంది.

"డెబ్బై రెండు," అన్నాడాయన, తలెత్తకుండానే.

అసిస్టెంటు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కళ్లద్దాలు కొత్తవా అని డిటెక్టివ్ అడిగాడు. సోమవారం బాబాయే సెలవు పెట్టి పట్నం తీసుకెళ్లి కొనిపెట్టాడట. సాయంత్రం తిరిగొచ్చేసరికి అంతా అయిపోయిందట.

బుధవారం డిటెక్టివ్, అసిస్టెంటు గేటు దగ్గరికి వెళ్లారు. పరీక్షలు నడిపే ఆఫీసర్ కంప్యూటర్లో నమోదు చూపించాడు. ఆదివారం సాయంత్రం అయిదుంపావుకి పడింది. కారణం గడిలో తూకం తేడా అని ఉంది. తూకం పేరు మీద ఆగిన బండి మళ్లీ కాటా ఎక్కితే తప్ప కదలదు. సోమవారం కాటా మనిషి సెలవు. పక్క గేటు నుంచి ఇంకొకడు వచ్చేసరికి అయిదయింది. ఆగిన బండి సీలు విప్పకూడదని పరీక్ష నియమం, తాను అదే పాటించానని ఆఫీసర్ అడక్కుండానే చెప్పాడు.

గుమాస్తా పాస్‌వర్డ్ ఎవరికి తెలుసని డిటెక్టివ్ అడిగితే ఆఫీసర్ ముఖం చిట్లించాడు. ఆ పెద్దమనిషికి గుర్తుండక చీటీ మీద రాయించి ముద్రల పెట్టె మూత లోపల అతికించుకున్నాడు. సిరా అద్దుకోవడానికి ఆ మూత తెరవని వాడు గేటులో లేడన్నాడు.

"ఈ అంకె ఏమిటి?"

కారణం కింది గడిలో 7,840 కిలోలు అని ఉంది. అక్కడ ఏదో ఒక బరువు కొట్టకపోతే యంత్రం ముందుకు పోదని, నోటికొచ్చింది కొట్టి ఉంటాడని ఆఫీసర్ అన్నాడు. బరువుల రిజిస్టరు రోజూ నాలుగింటికి తన బీరువాలోకి వెళ్లిపోతుంది, తాళంచెవి తన జేబులోనే ఉంటుంది.

డిటెక్టివ్ ఇంకో సంగతి గమనించాడు. ఆ లారీలు రెండు ముక్కలు. ముందుండే ఇంజన్ బండిని అక్కడ గుర్రం అంటారు. వెనక సరుకు పెట్టె. ఏ గుర్రమైనా ఏ పెట్టెనైనా లాగొచ్చు. పాత కాగితాలు పెట్టె నంబరు మీద నడిచేవి. కొత్త యంత్రం గుర్రం నంబరునే చూస్తుంది. ఆపమన్నది ఒక గుర్రాన్ని.

ఆ గుర్రం డ్రైవరు తన బండి నీడలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆదివారం తన బండికి రాసింది కలప అని చెప్పాడు. సోమవారం పొద్దున్నే మందుల పెట్టె లాగాల్సిన గుర్రం చెడిపోయిందని తెలిసి, కలప అక్కడే వదిలేసి, బతిమాలి మరీ ఆ పెట్టె తగిలించుకున్నాడు.

"ఎందుకు?"

"కాన్పయిన నా భార్య అప్పుడు ఆ ఆస్పత్రిలోనే ఉంది సార్." వంతెన అవతలి తెల్ల భవనం చూపించాడు. "మూడో అంతస్తు, చివరి కిటికీ. ఇక్కణ్నుంచి కనబడుతుంది."

నడిచైనా వెళ్లలేకపోయావా అని అసిస్టెంటు అడగబోయి మానేసింది. అతనే చెప్పాడు. "మందు లేకుండా వెళ్లి ఏం చెయ్యను అమ్మా. పది నిమిషాలన్నారు. తొమ్మిది గంటలూ పది నిమిషాలే అన్నారు."

పాప బాగానే ఉందట. అమ్మమ్మ దగ్గర ఉందట. అసిస్టెంటు పెన్ను మూసేసింది.

గుమాస్తాని ఒక గదిలో కూర్చోబెట్టారు. డిటెక్టివ్ ఏమడిగినా నేనే చేశాను, రాసుకోండి అన్నాడు. ఏ అంకె కొట్టావంటే మాత్రం గుర్తులేదన్నాడు. సోమవారం సాయంత్రం తెర మీద ఆ అంకె చూసేదాకా ఆయన అందరితో పోట్లాడాడనీ, చూశాక నోరు మెదపలేదనీ ఆఫీసర్ చెప్పాడు.

"ఇక చాలు," అన్నాడు డిటెక్టివ్. ఆ రోజు ఆయన ముఖంలో గెలిచిన కళ లేదు. పన్నెండేళ్లలో అసిస్టెంటు అలా చూడలేదు.

గురువారం మధ్యాహ్నం అందరినీ కాటా గదిలోకి పిలిచాడు. గుమాస్తా, కూతురు, కాటా బాబాయ్, డ్రైవరు, ఆఫీసర్. కిటికీ అవతల లారీలు ఎక్కే పెద్ద ఇనప పలక. గోడ మీద అంకెలు చూపే తెర. ఏమీ లేనప్పుడు సున్నా.

"చేసినవాడు మందుల్ని ఆపలేదు," అన్నాడు డిటెక్టివ్. "కలపని ఆపాడు. కలప ఒక రోజు ఎండలో ఉన్నా పాడవదు. ఒక బండి రోజంతా ఆగితే చాలు, పరీక్ష తప్పుతుంది. ఆ పెద్దాయన ముద్ర మిగులుతుంది. మర్నాడు గుర్రం పెట్టె మారుస్తుందని అతనికి తెలియదు."

ఆఫీసర్‌తో రిజిస్టరు తెప్పించి డ్రైవరు గుర్రం పేజీ తీయించాడు. ఖాళీ బరువు 7,840.

"నోటికొచ్చిన అంకె కాదు సార్ ఇది. అసలు బరువు. ఆదివారం అయిదింటికి రిజిస్టరు మీ బీరువాలో ఉంది. చూడకుండా పది కిలోలు కూడా తేడా రాకుండా రాయగలవాడు ఇక్కడ ఒక్కడే. దొంగ నమోదులో కూడా దొంగ తూకం రాయడానికి అతని చెయ్యి రాలేదు. ఆ అంకె చూడగానే గుమాస్తాకి అర్థమైంది. అందుకే నేరం నెత్తిన వేసుకున్నాడు."

అమ్మాయి కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నన్ను చదివించింది అన్నయ్య," అన్నాడు కాటా బాబాయ్. "ఆ ముద్ర లేకపోతే ఏమైపోతాడో అనుకున్నాను. నేను ఊళ్లో లేకపోతే నా మీదకి రాదనుకున్నాను. అన్నయ్య మీదకి వస్తుందని తట్టలేదు. పొద్దున్నే చెప్పేద్దామనుకున్నాను, రోజూ."

"నోర్ముయ్యరా," అన్నాడు గుమాస్తా.

డ్రైవరు లేచాడు. ఆఫీసర్ అడ్డం రాబోతే డిటెక్టివ్ చెయ్యి పట్టి ఆపాడు. డ్రైవరు కొట్టలేదు.

"బావా," అన్నాడు. వాళ్లిద్దరూ చాలా ఏళ్లుగా అలాగే పిలుచుకుంటారు. "సోమవారం నువ్విక్కడ ఉండుంటే?"

"నిమిషంలో వదిలేవాణ్ని."

"అదే. రోజంతా అదే అనుకున్నాను. బావ ఉంటే నిమిషం పని అని." అతను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మళ్లీ ఇటు తిరగలేదు.

పోలీసు బండి కాటా అవతల ఆగింది. కాటా బాబాయ్ తాళాలగుత్తి అన్నయ్య ముందు పెట్టి బయటికి నడిచాడు. దారి ఇనప పలక మీదుగానే. గోడ మీద సున్నా పోయి అరవై వచ్చింది. పలక మధ్యలో ఆయన కాళ్లు ఆగిపోయాయి.

అమ్మాయి కళ్లద్దాలు బల్ల మీద వదిలేసి పరిగెత్తింది. వెళ్లి బాబాయ్ చెయ్యి పట్టుకుంది. తెర మీద నూట పది. కాసేపటికి గుమాస్తా కూడా బల్ల పట్టుకుని లేచి, నెమ్మదిగా వెళ్లి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. నూట ఎనభై.

డ్రైవరు కిటికీలోంచి వాళ్లని చూడలేదు. వాళ్ల తలల మీదుగా వంతెన అవతలి మూడో అంతస్తు చివరి కిటికీని చూస్తున్నాడు.

అసిస్టెంటు పుస్తకం తెరిచింది. రాయడానికి డిటెక్టివ్ ఏమీ చెప్పలేదు.