పదకొండో షరతు

దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు పైనున్న ఇందిరాదేవి డిటెక్టివ్ ఆఫీసుకు ఆ ఉదయం ఆటో డ్రైవర్ సీతారాములు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కూతురు అఖిల ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయింది.

"మేడమ్, ఇయ్యాల సాయంత్రం ఐదు దాటితే నా బిడ్డ నర్సింగ్ సీటు పోతది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగోళ్ల దగ్గర వడ్డయి. ఇస్తలేరు."

మే నాలుగున అఖిల ఒక సంస్థలో ఆన్‌లైన్ కోర్సుకు చేరింది. వారంలోపు మానుకుంటే ఏమీ కట్టనక్కర్లేదని ఒప్పందంలో చదివింది. రెండు పాఠాలు చూసి, ఐదో రోజునే వద్దని మెయిల్ పెట్టింది. సంస్థ మాత్రం పదకొండో షరతు చూపిస్తోంది: ఒక్క పాఠం చూసినా మానుకునే వీల్లేదు, రెండేళ్ల ఫీజు కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వరు.

"నువ్వు చదివినప్పుడు ఆ షరతు ఉన్నదా బిడ్డా?" అని ఇందిరాదేవి అడిగింది.

"లేదు మేడమ్. పది షరతులే ఉండె. కొత్తపేట ఆఫీసుల సర్టిఫికెట్లు ఇచ్చి, ఆడ్నే కూసోని అన్నీ చదివి టిక్ వెట్టిన. కాపీ ఇయ్యలే, మెయిల్ల లింక్ పంపిన్రు. ఇప్పుడు అదే లింక్ ఒత్తితే పదకొండు ఒస్తున్నయి." అఖిల తండ్రి వైపు చూసింది. "నాయిన గూడ నన్ను నమ్ముతలేడు."

సీతారాములు తల దించుకున్నాడు.

ఇందిరాదేవి అసిస్టెంట్ జితేందర్‌తో కలిసి వాళ్ల ఆటోలోనే ఎల్‌బీనగర్ వెళ్లింది. సంస్థ ఆఫీసులో ఇంకా రంగు వాసన పోలేదు. మెట్ల దగ్గర వాచ్‌మన్ బక్కయ్యను పలకరిస్తే, "మే పద్దెనిమిదిన గీ ఫ్లోర్ మాట్లాడుకున్రు, ఇరవైన కొత్తపేట నుంచి ఒచ్చి పాలు పొంగిచ్చిన్రమ్మా," అన్నాడు.

కౌంటర్‌లో ఉన్న తేజస్విని చేతికి కట్టు ఉంది.

"బండి మీదికెళ్లి పడ్డ మేడమ్. మే పదిహేను నుంచి లీవుల ఉండి ఇయ్యాలనే ఒచ్చిన. నా వెబ్‌సైట్ లాగిన్ అప్పుడే బంద్ జేసిన్రు, ఇంకా ఓపెన్ అయితలేదు."

"లాగిన్ ఎందరికి ఉంటుంది?"

"నాకు, సార్‌కు. అంతే."

మేనేజర్ భానుమూర్తి విసుగ్గా ఒప్పందం ప్రింట్ తీసి ఇచ్చాడు. "చూడండి. మే నాలుగు, పదకొండు గంటల పది నిమిషాలు. ఓటీపీ కొట్టి మరీ ఒప్పుకుంది. చదవకుండా టిక్ పెడితే మేమేం చేస్తామండీ?"

జితేందర్ కళ్లు పదకొండో షరతు దగ్గరే ఆగిపోయాయి. ఇందిరాదేవి మాత్రం పై వరుస నుంచి చివరి వరకు రెండుసార్లు చదివింది.

"మే నాలుగు తర్వాత ఈ పేజీ మార్చారా?"

"అక్షరం కూడా మారలేదు. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి."

భానుమూర్తి ఆ ప్రింట్ కిందనే రాసి సంతకం పెట్టాడు. అప్పటికి రెండున్నర. అఖిల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

ఇందిరాదేవి బక్కయ్యను, తేజస్వినిని కూడా మేనేజర్ గదిలోకి పిలిపించింది.

"భానుమూర్తి గారూ, కాగితం పైన మీ అడ్రస్ చదవండి."

"ఎల్‌బీనగర్, మూడో అంతస్తు..." అతను ఆగిపోయాడు.

"మే నాలుగున ఈ ఆఫీసు ఎక్కడుంది?"

"కొత్తపేటల ఉండె," అన్నాడు బక్కయ్య.

"ఈ అంతస్తు మాట్లాడుకున్నదే పద్దెనిమిదిన. మరి నాలుగో తేదీన అఖిల చదివిన ఒప్పందంలో ఈ అడ్రస్ ఎలా ఉంటుంది? పేజీని తర్వాత మార్చారు. మారలేదని మీరు సంతకం పెట్టారు."

"వెబ్‌సైట్ పనులు తేజస్విని చూస్తుందండీ. నాకేం తెలుసు?"

తేజస్విని నివ్వెరపోయింది.

"ఆమె పదిహేను నుంచి లీవు. ఆమె లాగిన్ ఈ క్షణానికీ తెరుచుకోలేదు. ఇక మిగిలింది మీదొక్కటే. అఖిల ఏ మాటలకు ఒప్పుకుందో వాటికే కట్టుబడాలి, మీరు తర్వాత చేర్చినవాటికి కాదు. కాపీ ఇవ్వకుండా లింక్ మాత్రమే ఎందుకు పంపుతారో ఇప్పుడు అర్థమైంది. వినియోగదారుల కమిషన్‌కు మీ సంతకం చాలు. పోలీసులను ఇప్పుడే పిలవనా?"

భానుమూర్తి బీరువా తాళంచెవులు బల్లపై పెట్టాడు. జితేందర్ తన మేడమ్ వైపు చూశాడు. అడ్రస్ అతని కళ్ల ముందే ఉంది, తానే చూడలేదు.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాడు సీతారాములు.

అఖిల సర్టిఫికెట్లను గుండెకు హత్తుకుంది. "తర్వాత నాయినా. కాలేజీ హయత్‌నగర్ల ఉన్నది, ముందు బండి తియ్యి."

వాళ్లు పరుగున దిగిపోయారు. తెరిచిన బీరువాలో ఇంకా అరవైకి పైగా కవర్లున్నాయి. ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. ఇందిరాదేవి కుర్చీ లాక్కుని మొదటి నంబరు కలిపింది.

అవతల ఎవరో పెద్దావిడ. "అభిలాష్ సర్టిఫికెట్లా? వాడు సదువు ఇడ్సిపెట్టి లారీ మీద పోబట్టి ఏడాదాయె. ఇప్పుడెందుకమ్మా అవి?"

ఇందిరాదేవి ఆ కవరును విడిగా బల్ల మీద పెట్టింది.

"అవి అతనివమ్మా. వచ్చి తీసుకుపొమ్మనండి," అంది. జితేందర్ రెండో కవరు అందించాడు.