చెవిలో చినుకులు

ఆ ఆదివారం పొద్దున వీధిలో ఒకేసారి మూడు మైకులు మోగుతున్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. చర్చి మైకు చర్చివాళ్లకే వినిపిస్తోంది, భజన మైకు భజనవాళ్లకే. హేతువాద సంఘం మైకు సంఘంవాళ్లకు తప్ప ఇంకెవరికీ వినిపించదు. మిగతా వాళ్ల చెవుల్లో సన్నగా చినుకుల చప్పుడు, అంతే.

అంతా శ్రవణకవచం పుణ్యం. చెవి వెనక చింతగింజంత పరికరం. పద్నాలుగేళ్లు నిండగానే ప్రతి ఒక్కరూ తమ నమ్మకాన్ని గానీ, ఏదీ నమ్మడం లేదన్న సంగతిని గానీ అందులో నమోదు చేయించుకోవాలి. ఆ తర్వాత దానికి విరుద్ధమైన మాట ఎవరి నోట వచ్చినా కవచం దాన్ని చినుకుల చప్పుడుగా మార్చేస్తుంది. దేవుడు ఉన్నాడనీ లేడనీ తలలు పగలగొట్టుకున్న రోజుల్లో, ఈ కవచం కావాలని ఊరూరా తిరిగినవాళ్లలో హేమచంద్ర ఒకడు. హేతువాద సంఘానికి కార్యదర్శి. పెట్టుకున్న నాటి నుంచి నిద్రలో కూడా దాన్ని తీయలేదు.

ఇప్పుడు అతని ఇంట్లోనే చినుకులు పడుతున్నాయి.

భార్య వసుధ పోయి ఏడాదైంది. ఆమె కోరుకున్నట్టే దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చేశారు. కర్మకాండ లేదు, సమాధి లేదు, ఫొటోకి దండ కూడా లేదు. కూతురు చేతన ఆ రోజు ఏడవలేదు. ధైర్యమున్న పిల్ల అని సంఘంవాళ్లు మెచ్చుకున్నారు. కానీ కొన్నాళ్లుగా అన్నం దగ్గర కూర్చోగానే ఆ పిల్ల తల వంచుకుని ఏదో మాట్లాడుతోంది. హేమచంద్రకు చినుకులే వినిపిస్తున్నాయి. అంతలోనే "పెరుగు వెయ్యనా నాన్నా?" అంటుంది. ఆ మాట మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది.

ఏమిటని అతను అడగలేదు. అడిగితే వచ్చే జవాబు కూడా చినుకులే అవుతుందని భయం. ఎవరో పిల్లని తమవైపు లాక్కున్నారు. ఎవరన్నదే తేలాలి.

ఆ కోపంతోనే, చర్చిలో ప్రార్థన ముగిశాక, ఎండలో పాస్టర్ కరుణాకరం ఇంటికి వెళ్లాడు.

"మా అమ్మాయికి ఏం నూరిపోశారండీ?"

"ముందు కూచోండి. ఎండన పడి వచ్చారు."

"కూచోడానికి రాలేదు."

అయినా పాస్టర్ కుర్చీ లాగి వేశాడు. "మీ అమ్మాయికీ నాస్తికమనే రాయించారు గదా. నేను నెత్తీనోరూ కొట్టుకున్నా ఆ పిల్లకి చినుకులేగా వినపడేది. మీరు తెచ్చిన యంత్రమే, మీకు తెలీదా?" అని నవ్వాడు. "నిజం చెప్పొద్దూ, మీతో పోట్లాడి చాన్నాళ్లయింది. వీధి మొగలో నిలబడి నన్ను ఎంతలేసి మాటలనేవారు!"

"ఇప్పుడు అనమంటారా?"

"అనండి. వినపడదు."

హేమచంద్ర ఇంటిదారి పట్టాడు. పాస్టర్ అన్నది నిజమే. ఎవరి మాటా చేతన దాకా చేరదు. మరి ఆ పిల్ల మాట్లాడుతున్న మాటలు ఎవరివి?

చేతన కంచాలు పెట్టింది. అతను చేయి కడుక్కుంటూ కవచం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెవి వెనక చల్లగా, బోసిగా అనిపించింది. తప్పు చేస్తున్నవాడిలా వచ్చి కూర్చున్నాడు.

చేతన తల వంచుకుంది. వంటింటి గుమ్మం వైపు, వసుధ ఎప్పుడూ ఆనుకుని కూర్చునే చోటి వైపు చూసీచూడనట్టు చూసింది.

"అమ్మా, నాన్న ఇవాళ కూడా పప్పులో ఉప్పు మర్చిపోయాడు. నేనేం అనట్లేదులే. ఎవరిమీదో అరిచొచ్చినట్టున్నాడు, మొహం చూడు ఎలా ఉందో. నువ్వు పోయాక నాతో సంఘం సంగతులు తప్ప ఇంకేం మాట్లాడట్లేదమ్మా. రోజూ తన ఎదురుగా కూచుని నీతో మాట్లాడుతున్నానా, ఏంటని ఒక్కసారి కూడా అడగడు."

అందులో ఏ దేవుడూ లేడు, ప్రార్థన లేదు. పోయినవాళ్లతో మాట్లాడటమంటే ఆత్మను నమ్మడమేనని కవచం లెక్క. అందుకే ఇన్నాళ్లూ అది ఆ పిల్ల దిగులునంతా చినుకులు చేసి అతని చెవిలో పోసింది.

పోయినవాళ్లు వినరమ్మా అనబోయాడు. ఎన్నో సభల్లో చెప్పిన మాట, నాలుక చివరికి వచ్చేసింది. ముద్దతో పాటు దాన్నీ మింగేశాడు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. లేరని అతనికి తెలుసు.

"వసుధా," అన్నాడు మెల్లగా, "రేపు ఉప్పు వేస్తాలే. నువ్వు లేకుండా దీనితో ఏం మాట్లాడాలో నాకు తెలీట్లేదే."

చేతన గబుక్కున తలెత్తింది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఏంటి నాన్నా? ఏమన్నావు? నాకు చినుకులే వినిపించాయి."

ఇందాక తను పాస్టర్ ఇంటికి మోసుకెళ్లిన భయమే ఇప్పుడు ఆ పిల్ల కళ్లలో కనిపించింది.

"నిన్ను ఎవరు కలిశారు నాన్నా?" అంది చేతన. "ఏం చెప్పారు నీకు?"