పంచదార లేని పైనాపిల్

"బాబీ గారూ, పంచదార వద్దు, ఐసు వద్దు, చుక్క నీళ్ళు కూడా వద్దు. గుర్తుందిగా?"

పటమటలో బాబీ జ్యూస్ షాపుకి రోజూ నాలుగింటికి వచ్చి సింధూరి చెప్పే మాటే ఇది. బందరు రోడ్డులో ఓ స్టార్ హోటల్ బార్‌లో కాక్‌టెయిల్స్ కలుపుతుందామె. బాబీ తీసిన పైనాపిల్ జ్యూస్‌కి రమ్ము, నిమ్మరసం చేర్చి కొత్త డ్రింక్ ఒకటి తయారుచేసింది. బాబీకి రమ్ము వాసనే పడదు. సింధూరి స్కూటీ హారన్ వినబడితే మాత్రం తాగకుండానే తూలతాడు.

"ఇవాళ సాయంత్రం వేదవ్యాస్ గారు రుచి చూస్తారు. ఆయన ఊ అంటేనే మెనూలోకి ఎక్కుతుంది. ఆయన నాలుకా, అమ్మో!" అంది సింధూరి.

వేదవ్యాస్ ఆ బార్ మేనేజర్. వారం రోజులుగా ఆమె నోట ఆ పేరు తప్ప మరో మాట లేదు. మొన్న ఆమెని కారులో షాపు ముందు దింపి వెళ్ళాడు కూడా. నల్లకళ్ళద్దాలూ వాడూ! బాబీకి ఒళ్ళు మండిపోయింది.

"అంత గొప్ప నాలుకా అండీ?"

"మరి! మీరెందుకు మూతి ముడుచుకుంటారు?"

"నేనా? నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా."

ఆమె ఫోన్ చూసుకుంటుండగా మిక్సీలో నాలుగు చెంచాల పంచదార, గుప్పెడు ఐసు పడ్డాయి. తాగు నాయనా, తాగు అనుకున్నాడు కసిగా.

ఆరింటికల్లా స్కూటీ మళ్ళీ వచ్చి ఆగింది. సింధూరి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం కలిపావ్ నువ్వు? నీళ్ళ పానకంలా ఉందన్నారు!"

నువ్వు! ఇన్నాళ్ళకి నువ్వు అంది. తిట్టయినా సరే, బాబీకి హాయిగా అనిపించింది. ఆ హాయి ఒక్క క్షణమే.

"ఆయన మొదట్నుంచీ డబ్బా జ్యూస్ చాలంటున్నారు. బాబీ జ్యూస్ అయితేనే ఆ రుచి వస్తుందని వారంగా నేనే పోట్లాడుతున్నా. ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టారు. డబ్బాయే గెలిచింది. ఇక నాకు ఇక్కడికి వచ్చే పనే లేదు."

అయ్యో! పోట్లాట తన కోసమా? బాబీ గబగబా షట్టర్ దించి, ముగ్గిన పైనాపిళ్ళు రెండు చంకన పెట్టుకున్నాడు.

"పదండి, మీ హోటల్‌కి."

బార్‌లో వేదవ్యాస్ ఎదుటే పళ్ళు కోసి రసం తీశాడు.

"సార్, ఇందాకటి తప్పు ఆవిడది కాదండీ. పంచదార, ఐసు నేనే వేశాను. కావాలనే."

"ఎందుకయ్యా?"

"కుళ్ళుతో."

"ఎవరి మీద?"

"మీ మీదేనండి. ఆవిడ రోజూ మీ పేరే చెబుతుంటే తట్టుకోలేకపోయాను. నాకు ఆవిడంటే ప్రాణం."

సింధూరి తలెత్తకుండా డ్రింక్ కలిపింది. వేదవ్యాస్ ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"జ్యూస్ ఇదే ఖాయం. కానీ ఈ మనిషిని నమ్మేదెలా?"

"తీసేటప్పుడు నేను పక్కనే నిలబడతానండీ" అంది సింధూరి. తర్వాత బాబీ వైపు తిరిగి, మెల్లగా అంది. "జన్మంతా నిలబడమన్నా సరే."